రిజెక్ట్ అయిన వీసా, మిగిలిపోయిన ఫైలు

నల్గొండ వైపైనా పాలమూరు వైపైనా ఒక కుర్రాడికి అమెరికా వీసా రిజెక్ట్ అయితే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. చుట్టాలు ఫోన్ చేసి పరామర్శిస్తారు. అప్పిచ్చినాయన మిత్తి సంగతి ఎత్తుతాడు. అదే కుర్రాడు హైదరాబాద్‌లో మూడు నాలుగేళ్లు ఉద్యోగం చేశాక యూకేకో కెనడాకో వర్క్ వీసాకు అప్లై చేసే రోజు వస్తుంది. ఫారంలో ‘గతంలో ఏ దేశమైనా మీకు వీసా నిరాకరించిందా’ అన్న ప్రశ్న దగ్గర చెయ్యి ఆగుతుంది. ‘నో పెట్టేయ్, ఎవరు చూస్తారు’ అనే సలహా అప్పటికే నలుగురు ఇచ్చి ఉంటారు. ఊరందరికీ తెలిసిన సంగతిని, తెలుసుకునే యంత్రాంగమున్న ఆ ఒక్క ఆఫీసు దగ్గరే దాచాలని చూడటం విచిత్రమే.

ఉద్యోగ వీసాకు పాత రిజెక్షన్ వల్ల జరిగే నష్టం జనం భయపడేంత ఉండదు. ఆ పాత అప్లికేషన్‌లో రాసిన మాటలు, జతచేసిన కాగితాలు చేసే నష్టాన్ని మాత్రం చాలామంది లెక్కలోకే తీసుకోరు.

ముందు ఆ కాగితం చదవాలి

అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇవ్వనప్పుడు చేతికి ఒక కాగితం ఇస్తారు. బయటికి రాగానే దాన్ని మడిచి ఎక్కడో పడేస్తారు. రిజెక్ట్ అన్న ముక్క తప్ప ఇంకేదీ గుర్తుండదు. అసలు సంగతంతా అందులో ఉన్న సెక్షన్ నంబరులోనే ఉంటుంది.

ఎక్కువమందికి వచ్చేది 214(బి). స్టూడెంట్, విజిటర్ వీసాలకు వచ్చేవాళ్లంతా అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నారని అమెరికా చట్టం ముందే అనుకుంటుంది. కాదని ఒప్పించాల్సిన బాధ్యత వచ్చినవాళ్లదే. రెండు మూడు నిమిషాల ఇంటర్వ్యూలో ఆఫీసరు ఒప్పుకోకపోతే ఈ సెక్షన్ పడుతుంది. తప్పు చేశారన్న ముద్ర ఇందులో లేదు. దీనిమీద అప్పీలు ఉండదు, నిషేధమూ ఉండదు. మళ్లీ ఫీజు కట్టి ఎప్పుడైనా వెళ్లవచ్చు. హెచ్-1బి, ఎల్-1 అనే ఉద్యోగ వీసాలకైతే ఈ అనుమానం చట్టప్రకారమే వర్తించదు. తిరిగొస్తామని రుజువు చేసుకోవాల్సిన పని లేదు. అందుకే ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా రెండుసార్లు పోయినవాళ్లు కూడా తర్వాత పాస్‌పోర్టులో హెచ్-1బి వీసా వేయించుకుని వెళ్తుంటారు. అదే మనిషిని కంపెనీ వారం రోజుల మీటింగుకు బి-1 అనే విజిటర్ వీసా మీద పంపాలనుకుంటే మాత్రం 214(బి) మళ్లీ ఎదురవుతుంది. పెద్ద వీసా సులువుగా వచ్చి చిన్న వీసా కష్టమవడం వింతగా అనిపిస్తుంది గానీ చట్టం ఉన్న తీరు అది.

రెండోది 221(జి). ఏదో కాగితం తక్కువైందని, లేదా ఇంకా పరిశీలించాలని దాని అర్థం. ఇది వచ్చినవాళ్లు వెబ్‌సైట్‌లో స్టేటస్ చూస్తే ‘రెఫ్యూజ్డ్’ అని కనపడుతుంది. అది చూసి ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. సాంకేతికంగా అదీ నిరాకరణే. అడిగిన కాగితాలు ఇచ్చి, పరిశీలన పూర్తయితే వీసా రావచ్చు. ఏడాదిలోగా ఇవ్వకపోతే కొత్తగా ఫీజు కట్టి మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

భయపడాల్సింది మూడోదానికి. 212(ఏ)(6)(సి)(ఐ) అని ఉంటే మోసం చేశారనో, ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పారనో నిర్ధారించారన్నమాట. దానికి గడువు లేదు, జీవితాంతం వెంట ఉంటుంది. హెచ్-1బి లాంటి వీసాలకు మినహాయింపు అడిగే దారి ఉంది గానీ అది కాన్సులర్ ఆఫీసరు సిఫార్సు చేస్తేనే ముందుకు కదులుతుంది. ఈ సెక్షన్ పడ్డవాళ్లు కన్సల్టెన్సీల చుట్టూ తిరగడం దండగ. అమెరికాలో లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ లాయర్‌నే అడగాలి.

పాస్‌పోర్టు మార్చితే పోతుందా

పోదు. అయినా ఈ ఆశ చావడం లేదు. పాస్‌పోర్టు పోయిందని కంప్లైంట్ ఇచ్చి కొత్తది తీసుకుంటే పాత చరిత్ర తుడిచిపెట్టుకుపోతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మన పాస్‌పోర్టు చివరి పేజీ తీసి చూస్తే చాలు. పాత పాస్‌పోర్టు నంబరు, దాన్ని ఎప్పుడు ఎక్కడ ఇచ్చారో అచ్చు వేసి ఉంటుంది. అది లేకపోయినా వేలిముద్రలు ఉన్నాయి. అమెరికా కాన్సులేట్ పది వేళ్ల ముద్రలూ తీసుకుంటుంది. నంబరు మారినా వేళ్లు మారవు. పైగా పోని పాస్‌పోర్టు పోయిందని చెప్పడం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం కింద కొత్త తలనొప్పి.

ఒక దేశం సంగతి ఇంకో దేశానికి ఎలా తెలుస్తుందన్నది తర్వాతి ప్రశ్న. అమెరికా, యూకే, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇమిగ్రేషన్ విషయాల్లో వేలిముద్రల ఆధారంగా సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. యూరప్‌లో ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాలన్నిటికీ ఉమ్మడి వీసా డేటాబేస్ ఉంది. ఫ్రాన్స్ నిరాకరించిన షెంగెన్ వీసా వివరం ఐదేళ్లపాటు జర్మనీ ఆఫీసరుకూ కనపడుతుంది. అన్ని దేశాలకూ అన్నీ తెలుస్తాయని కాదు. ఎవరికి ఏది తెలుసో అప్లై చేసేవాళ్లకు తెలియదు, ఆఫీసరుకు తెలుసు. ఈ పందెంలో ఓడితే పోయేది ఒక్క వీసా కాదు. ఫారంలో అబద్ధం బయటపడితే కెనడా ఐదేళ్లు, ఆస్ట్రేలియా సాధారణంగా మూడేళ్లు తలుపు మూస్తాయి. యూకేలో మోసం తేలితే పదేళ్లవరకు అప్లికేషన్లు తిరస్కరిస్తారు. అమెరికా సంగతి పైన చెప్పుకున్నదే. నిజం చెప్పి ఉంటే ఏ నిషేధమూ లేని 214(బి)ని దాచబోయి ఐదేళ్లో పదేళ్లో తెచ్చుకోవడం కంటే చేటు బేరం ఉండదు.

కన్సల్టెన్సీ రాసిన చరిత్ర

అసలు చిక్కు ఇక్కడ ఉంది. కొంచెం నిదానంగా చూడాలి.

దేవరకొండ దగ్గర నాలుగెకరాల రైతు కొడుకు బీటెక్ అయ్యాక కెనడా స్టూడెంట్ వీసాకు అప్లై చేశాడనుకుందాం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి తండ్రి ఎప్పుడూ ఐటీ రిటర్ను వేయలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్బీ నగర్‌లోనో ఉన్న కన్సల్టెన్సీ అతను ‘రిటర్నులు లేకుంటే ఫైలు నిలబడదు’ అంటాడు. నెల తిరక్కుండానే తండ్రి పేరు మీద వ్యాపార ఆదాయం చూపిస్తూ రిటర్నులు పుట్టుకొస్తాయి. వడ్ల వ్యాపారమో, ఎరువుల దుకాణమో, ఏదో ఒకటి. బ్యాంకు ఖాతాలో మిత్తికి తెచ్చిన డబ్బు కొన్నాళ్లు కూర్చుని వెళ్లిపోతుంది. చదువుకు, ఉద్యోగానికి మధ్య ఖాళీ ఉంటే దాన్ని నింపడానికి ఎవరూ వినని కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ వస్తుంది. అన్నీ పెట్టినా వీసా రాదు. డబ్బు వెనక్కి పోతుంది, కన్సల్టెన్సీ ఫోన్ ఎత్తడం మానేస్తుంది. ఆ ఫైలు మాత్రం కెనడా కంప్యూటర్‌లో ఉండిపోతుంది.

నాలుగేళ్ల తర్వాత అతనికి నిజమైన ఉద్యోగం, నిజమైన ఆఫర్ వస్తాయి. ఇప్పుడు అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు. వర్క్ పర్మిట్ ఫైలులో కుటుంబ వివరాల ఫారం ఉంటుంది, అందులో తండ్రి వృత్తి అడుగుతారు. అతను నిజాయితీగా ‘రైతు’ అని రాస్తాడు. పాత ఫైలులో ఆయన వ్యాపారి. ఉద్యోగ చరిత్రలో పాత ఎక్స్‌పీరియన్స్ కంపెనీ పేరు ఉండదు, ఎందుకంటే అక్కడ అతను ఎప్పుడూ పనిచేయలేదు. ఆఫీసరుకు రెండు ఫైళ్లూ పక్కపక్కనే కనపడతాయి. ఇందులో ఏది నిజం, ఇప్పటిదా, అప్పటిదా? ఈ అనుమానానికి పాత రిజెక్షన్‌తో సంబంధం లేదు. ఆ రోజు వీసా వచ్చి ఉన్నా ఇదే ప్రశ్న వచ్చేది.

ఇంకా ఇబ్బందైన సంగతేమిటంటే, తన పేరు మీద ఏం రాశారో చాలామందికి తెలియనే తెలియదు. మెయిల్ ఐడీ కన్సల్టెన్సీ వాళ్లే సృష్టిస్తారు, పాస్‌వర్డు వాళ్ల దగ్గరే ఉంటుంది. ఫారం కాపీ చేతికి రాదు. అమెరికా వీసా అప్లికేషనైన డీఎస్-160 ఫారంలో ‘దీన్ని నింపడంలో ఎవరైనా సాయం చేశారా’ అని కూడా ఒక ప్రశ్న ఉంటుంది. కన్సల్టెన్సీ వాళ్లే నింపుతూ దానికి ‘నో’ కొడతారు. సంతకం, బాధ్యత అప్లై చేసినవాళ్లవే. ‘నాకు తెలియకుండా ఏజెంట్ రాశాడు’ అన్న మాట ఏ దేశంలోనూ అంత సులువుగా చెల్లదు.

కాబట్టి కొత్త వర్క్ వీసా ఫారం తెరవడానికి ముందు పాత ఫైలు చేతికి తెచ్చుకోవడమే మొదటి పని. డీఎస్-160 అయితే అప్లికేషన్ ఐడీ, ఇంటిపేరులో మొదటి ఐదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అప్పట్లో పెట్టిన సెక్యూరిటీ ప్రశ్నకు జవాబు ఉంటే మళ్లీ తెరిచి చూసుకునే వీలుంది. ఆ జవాబు కన్సల్టెన్సీలో ఫారం నింపిన అమ్మాయికే తెలిసి ఉంటుంది, కాబట్టి వాళ్లతో గొడవపడే ముందే అది అడిగి రాసుకోవడం తెలివైన పని. కెనడాలో ఆఫీసరు రాసుకున్న నోట్సును సమాచార హక్కు లాంటి చట్టం కింద ఐదు కెనడా డాలర్ల ఫీజుతో తెప్పించుకోవచ్చు. బయట ఉన్నవాళ్లు ఆ చట్టం కింద నేరుగా అడగలేరు గానీ, 2022 జూలై నుంచి అక్కడి ప్రైవసీ చట్టం కింద తమ సమాచారాన్ని తామే అడగవచ్చు. లేదా అక్కడ పౌరసత్వమో పీఆరో (శాశ్వత నివాస హోదా) ఉన్న బంధువు చేత, సమ్మతి పత్రం ఇచ్చి అడిగించవచ్చు. తెలుగువాళ్లకు కెనడాలో బంధువు దొరక్కపోవడం అరుదు. యూకేలో మన సమాచారం మనం అడిగితే ఉచితంగానే ఇస్తారు.

పాత ఫైలులో పొరపాటో అబద్ధమో కనపడితే దానికి సరిపోయేలా కొత్త అబద్ధం అల్లకూడదు. ఇప్పుడు నిజం రాసి, అప్పటి తేడాకు కారణాన్ని ఒక చిన్న లేఖలో చెప్పాలి. దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ లాంటి బరువైన విషయమైతే అప్లై చేసే ముందే ఆ దేశంలో లైసెన్సున్న మనిషి సలహా తీసుకోవాలి. కెనడా, యూకే, ఆస్ట్రేలియాల్లో ఇమిగ్రేషన్ సలహాదారులకు లైసెన్సు తప్పనిసరి, ఎవరికి ఉందో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. బోర్డు మీద ఆ దేశం జెండా ఉన్నంత మాత్రాన లైసెన్సు ఉన్నట్టు కాదు.

పేరు విషయమూ ఇలాంటిదే. మన దగ్గర కొందరి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక అక్షరంగానే ఉంటుంది. కొందరి మొదటి పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి, ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివాళ్లకు అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (పేరు తెలియదు) అని వస్తుంది. తర్వాత పాస్‌పోర్టు రీఇష్యూలో ఇంటిపేరు విడదీయించుకుంటే అదే మనిషి రెండు పేర్లతో కనపడతాడు. ఇది నేరం కాదు. ‘వేరే పేర్లు వాడారా’ అన్న చోట పాత రూపం రాస్తే సరిపోతుంది.

సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టమనే నిబంధనను అమెరికా 2025 జూన్‌లో విద్యార్థులకు, డిసెంబరులో హెచ్-1బి వాళ్లకు, వాళ్ల మీద ఆధారపడి హెచ్-4 మీద వెళ్లే కుటుంబానికి తెచ్చింది. లింక్డ్‌ఇన్‌లో ఒక తేదీ, ఫారంలో ఇంకో తేదీ ఉంటే సరిచేసుకోవాల్సింది ముందే.

ఎలా రాయాలి, ఎలా చెప్పాలి

గతంలో వీసా నిరాకరించారా అన్న ప్రశ్న దగ్గర ‘యెస్’ పెట్టాక చిన్న గడి తెరుచుకుంటుంది. అక్కడ కథలు రాసేవాళ్లు ఎక్కువ. ఆఫీసరు నా మాట వినలేదు, నా కాలేజీ మంచిదే, కాగితాలు చూడనేలేదు అంటూ. అవేవీ అక్కర్లేదు. ‘2022 జూలైలో హైదరాబాద్ కాన్సులేట్‌లో ఎఫ్-1 వీసాకు అప్లై చేశాను, 214(బి) కింద ఇవ్వలేదు. అదే ఏడాది డిసెంబరులో రెండోసారి, అదే సెక్షన్’ అని రాస్తే చాలు. నెల గుర్తులేకపోతే పాత మెయిళ్లు వెతకాలి, ఫీజు రసీదు చూడాలి. ఊహించి రాయకూడదు. రెండుసార్లు పోయినవాళ్లు ఒకటే రాస్తే అదీ దాచినట్టే. 221(జి) వచ్చి తర్వాత వీసా చేతికొచ్చినా ఆ ముక్క కూడా రాయడం మేలు.

ఇంటర్వ్యూలో అడిగితే జవాబు ఇంకా చిన్నగా ఉండాలి. ఎప్పుడు వెళ్లారు, ఎందుకు ఇవ్వలేదనుకుంటున్నారు, అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది. మారినది కళ్లముందు ఉండాలి: అప్పుడు చదువు కోసం తండ్రి డబ్బుతో, ఇప్పుడు నాలుగేళ్ల అనుభవంతో కంపెనీ పిలుపు మీద. మొదటిసారి కాలేజీ గురించి అడిగితే నోరు పెగలలేదు అన్నది నిజమైతే అదే చెప్పవచ్చు. ఆఫీసరు ముందు స్క్రీన్‌పై పాత ఇంటర్వ్యూ నోట్సు ఉంటుంది, కొత్తగా మెప్పించాల్సిన పని లేదు. ఇప్పటి ఉద్యోగం గురించి అడిగితే మాత్రం రోజూ చేసే పనిని సొంత మాటల్లో చెప్పగలగాలి. హెచ్-1బి రిజెక్షన్లు ఎక్కువగా అక్కడే వస్తాయి: పనేమిటి, ఎవరి దగ్గర, క్లయింట్ ఎవరు. దీనికి సరైన జవాబు రాకపోతే కంపెనీ అతని కోసం వేసిన పిటిషన్‌నే వెనక్కి పంపిస్తారు. అప్పుడు నష్టం వీసాతో ఆగదు, ఉద్యోగానికీ తగులుతుంది.

పాత రిజెక్షన్ సంగతి కంపెనీకి చెప్పాలా వద్దా అని చాలామందికి టెన్షన్. చెప్పాలి, అదీ ఆఫర్ ఒప్పుకున్న వెంటనే. యూకేలో కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్‌తో మూడు నెలల్లోపే అప్లై చేయాలి. ఒకసారి రిజెక్ట్ అయితే కంపెనీ మళ్లీ కొత్తది ఇవ్వాల్సి వస్తుంది. చివరి నిమిషంలో బయటపడిన పాత రిజెక్షన్ కంటే ముందే తెలిసినది హెచ్‌ఆర్‌ వాళ్లకు తక్కువ పని పెడుతుంది.

దేశానికో తీరు

యూకే వర్క్ వీసా రిజెక్ట్ అయితే లేఖలో కారణాలు రాస్తారు. ఆఫీసరు తప్పు చేశాడనిపిస్తే 28 రోజుల్లోపు 80 పౌండ్లు కట్టి పునఃపరిశీలన అడగవచ్చు. అక్కడ కొత్త కాగితాలు పనిచేయవు, ఉన్నవాటిని సరిగా చూశారా లేదా అన్నదే తేలుస్తారు. మనవైపు తప్పయితే కొత్తగా అప్లై చేయడమే మేలు. ఇందులోనూ ఒక మెలికుంది: అప్పట్లో కేర్ వర్కర్ (వృద్ధులను, రోగులను చూసుకునే పని) వీసా పోయినవాళ్లు ఇప్పుడు మళ్లీ ప్రయత్నిస్తే ఆ దారే లేదు. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కేర్ వర్కర్లను తీసుకోవడం యూకే ఆపేసింది. ఇంకా ఆ వీసా ఇప్పిస్తామని లక్షలు అడిగేవాళ్లు ఉంటే దూరంగా ఉండాల్సిందే.

జర్మనీలో వీసా రాకపోతే ఎంబసీకే ఉచితంగా అభ్యంతరం రాసుకునే పద్ధతి 2025 జూలై 1తో పోయింది. ఇప్పుడు బెర్లిన్ కోర్టుకు వెళ్లాలి, లేదా కొత్తగా అప్లై చేయాలి. ఆచరణలో రెండోదే దారి. జపాన్ సాధారణంగా కారణం చెప్పదు, అదే పని మీద ఆరు నెలలవరకు మళ్లీ అప్లికేషన్ తీసుకోదు. విదేశీ ఉద్యోగాలకు పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నర్సింగ్ లాంటి ఉద్యోగాలకు జర్మనీ, జపాన్ వెళ్లాలనుకునేవాళ్లు భాష కోర్సు మొదలయ్యే రోజే పాత రిజెక్షన్ సంగతి చెప్పేస్తే నెలల శ్రమ వృథా కాదు.

గల్ఫ్ లెక్క వేరు

వలస పాలమూరుకు కొత్త కాదు. బొంబాయి బస్సెక్కిన తాతలను ఎవరూ ఫారం నింపమనలేదు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు కూడా ఇంటర్వ్యూ టెన్షన్ ఉండదు, వీసా పని కంపెనీయే చూసుకుంటుంది. అక్కడ అడ్డం పడేవి మూడు. మెడికల్‌లో అన్‌ఫిట్ రావడం, ఇదివరకు కంపెనీ వదిలిపోయాడని కఫీల్ (అక్కడి యజమాని, స్పాన్సర్) కేసు పెట్టడం, డిపోర్ట్ అయి రావడం.

మెడికల్‌లో ఎక్కువమందిని ఆపేది ఎక్స్‌రేలో కనపడే పాత టీబీ మచ్చ. మందులు వాడి ఎప్పుడో తగ్గిపోయినా మచ్చ మిగిలే ఉంటుంది. ఏజెంటును, సెంటరును మార్చినా ఎక్స్‌రే మారదు. సౌదీలో హురూబ్ (పని వదిలి పారిపోయాడన్న కేసు) పడి, తర్హీల్ (డిపోర్టేషన్ కేంద్రం) ద్వారా వచ్చినవాళ్లను పని వీసా మీద మళ్లీ రానివ్వని నిబంధనలు ఉన్నాయి. యూఏఈలో కళ్లు, వేళ్లు రెండూ స్కాన్ చేస్తారు. అదే యూఏఈ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఇచ్చిన క్షమాభిక్షలో వెళ్లిపోయినవాళ్లకు మళ్లీ రావడానికి నిషేధం లేదని ప్రకటించింది. అంటే ఎలా బయటికొచ్చారన్నదే ముఖ్యం, ఆ ఎగ్జిట్ కాగితం పాస్‌పోర్టుతో సమానంగా దాచుకోవాలి.

పదో తరగతి పాసవ్వని వాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి అవసరమయ్యే) కిందికి వస్తుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు వాళ్లు పనికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా క్లియరెన్స్ ఉండాలి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకు మించి అడుగుతూ ‘నీ పాత బ్యాన్ నేను తీయిస్తా’ అనే మాట వినపడితే, ఆ బ్యాన్ తీయించే పని ఆ దేశంలో ఉన్న కంపెనీయో పాత కఫీలో అక్కడి ఆఫీసులోనే చేయించాలని గుర్తుంచుకోవాలి. అది పూర్తయినట్టు అక్కడి కాగితం చేతికి రాకముందే టికెట్ కొని విజిట్ వీసా మీద విమానం ఎక్కిస్తే, దిగిన ఎయిర్‌పోర్టులో వేలు పెట్టగానే బయటపడుతుంది. వచ్చిన విమానంలోనే తిరిగి పంపిస్తారు, టికెట్ డబ్బు మాత్రం తిరిగి రాదు.